జీరో చూసుకోండి

హైదరాబాదులో బండి నడిపేవాళ్ళు తరచూ వినే మాటల్లో ఇదొకటి. పెట్రోల్ బంకులో మన వంతు రాగానే కుర్రాడు గన్ను చేతిలోకి తీసుకుని, మిషను వైపు తల ఊపి, "సార్, జీరో చూస్కోండి" అంటాడు. చూస్తాం. ఆ తర్వాత కూడా కళ్ళు అక్కడినుంచి తియ్యం. లీటర్ల అంకె, రూపాయల అంకె సరిగ్గా కదులుతున్నాయా, మధ్యలో ఎక్కడైనా ఆగి దూకాయా అని చూస్తూనే ఉంటాం. 100కి కొట్టించుకుంటే మోసం చేస్తారని 110కో 120కో కొట్టించుకునేవాళ్ళు ఉన్నారు. నేనూ అదే బాపతు. ఇంత జాగ్రత్తపడి, డబ్బులిచ్చి రోడ్డు మీదకి వచ్చాక, ఇందాక పెట్రోలు కొట్టినవాడి మొహం ఎలా ఉందని ఎవరైనా అడిగితే మాత్రం చెప్పలేం.

నేను చెప్పగలగాలి నిజానికి. అమ్మకి తమ్ముడు, మా మామ, ఉప్పల్ వైపు ఒక బంకులో 22 ఏళ్ళు పెట్రోలు కొట్టాడు. ఇంజినీరింగు నాలుగేళ్ళూ నేను ఆయన ఇంట్లో ఉండి చదువుకున్నాను. అది చాలదన్నట్టు, ఉద్యోగంలో చేరిన కొత్తలో రెండేళ్ళపాటు నేను రాసిన కోడ్ నడిచింది కూడా పెట్రోల్ బంకుల్లోనే. అయినా ఈ వ్యాసంలో రాయబోయే విషయాలు గత ఏడాది మామ రక్తపరీక్ష రిపోర్టు చేతికొచ్చేదాకా నేను పట్టించుకోలేదు.

రామంతాపూర్‌లో రెండు గదుల పోర్షన్. మామ షిఫ్టు దిగి వచ్చాడని తలెత్తి చూడకుండానే తెలిసిపోయేది. ముందు వాసన వచ్చేది, తర్వాత మనిషి. అత్త ఆయన్ని నేరుగా లోపలికి రానిచ్చేది కాదు. బాత్రూం పక్కన ఒక పాత ఎర్ర బకెట్టు ఉండేది. యూనిఫాం విప్పి అందులో పడేసి, స్నానం చేసి, అప్పుడు ఇంట్లోకి. ఆ బకెట్లో ఇంకెవరి బట్టా పడటానికి వీల్లేదు. మొదట్లో అన్నీ కలిపే ఉతికేదట. మా మరదలు ఒకటో తరగతిలో ఉన్నప్పుడు, పక్కన కూర్చున్న పిల్ల ముక్కు మూసుకుని "నీ గౌను పెట్రోలు వాసన" అందని ఏడ్చుకుంటూ ఇంటికొచ్చింది. ఆ రోజునుంచీ ఎర్ర బకెట్టు. బెంజీన్ అనే పేరు అత్తకి అప్పుడూ తెలీదు, ఇప్పుడూ తెలీదు.

మామకి మాత్రం ఆ వాసన తెలిసేది కాదు. "నాకైతే ఏం వాసన రాదు అల్లుడా, మీకే వస్తది" అనేవాడు. ముక్కు తీరే అంత, రోజూ తగిలే వాసనని కొన్నాళ్ళకి లెక్కలోంచి తీసేస్తుంది. నాకైతే, నిజం చెప్పాలంటే, ఆ వాసన ఇష్టం. చిన్నప్పుడు బంకులో బండి ఆగితే గట్టిగా ఊపిరి పీల్చేవాణ్ణి. ఇలాంటివాళ్ళు చాలామందే ఉంటారు. పెట్రోలులో ఉండే బెంజీన్, దాని బంధువర్గం తియ్యటి వాసన వేస్తాయి. రసాయన శాస్త్రంలో ఆ కుటుంబానికి 'ఆరోమాటిక్' అని పేరు పడింది కూడా వాసన వల్లనే.

మామ ఇంటిపని చేసినా చేతికి గ్రీజు అంటితే పెట్రోలుతోనే కడిగేవాడు. బండి ఆగిపోయినవాళ్ళకి సాయం చెయ్యాలంటే ఇంకో బండి ట్యాంకులో పైపు పెట్టి, నోటితో లాగి, ఉమ్మేసి, సీసాలోకి పట్టేవాడు. ఇందులో వింతేమీ లేదు. మన ఊళ్ళలో మెకానిక్కు షెడ్డు ఎరిగినవాళ్ళందరికీ ఇవి తెలిసిన పనులే. నేనూ ఒకసారి అలా లాగి మింగేసి, రాత్రంతా పెట్రోలు తేన్పులతో పడుకున్నాను.

మామ పనిలో చేరింది 1998లో. అప్పటికి మన పెట్రోలులో ఇంకా సీసం ఉంది. దేశమంతటా దాన్ని ఆపేసింది 2000 ఫిబ్రవరి 1న. పెట్రోలులో సీసం కలపాలన్న ఆలోచన అమెరికన్ ఇంజినీరు థామస్ మిడ్‌గ్లీది. 1924లో న్యూజెర్సీలో ఆ రసాయనం తయారుచేసే చోట ఐదుగురు కార్మికులు పిచ్చెక్కినట్టయి చనిపోయారు. గొడవ పెద్దదయ్యేసరికి మిడ్‌గ్లీ విలేకరులని పిలిచి, వాళ్ళ ముందు ఆ ద్రవాన్ని చేతుల మీద పోసుకుని, సీసా ముక్కు దగ్గర పెట్టుకుని వాసన పీల్చి చూపించాడు. తనకి అంతకు ముందు ఏడాదే సీసం విషం సోకి సెలవు మీద వెళ్ళాల్సొచ్చిన సంగతి మాత్రం అక్కడ చెప్పలేదు. మా మామ చేతులు కడుక్కోవడం వెనక అలాంటి నాటకం ఏమీ లేదు. ఎవరూ ఆయనకి ఏమీ చెప్పలేదు, అంతే.

ఇప్పుడు నా ఉద్యోగం సంగతి. బంకుల్ని ఆటోమేషన్ చేసే సాఫ్ట్‌వేర్ అది. భూమిలో ఉన్న ట్యాంకులో ఒక కడ్డీ ఉంటుంది. పెట్రోలు ఎంత ఎత్తులో ఉంది, అడుగున నీరు ఎంత చేరింది, వేడి ఎంత, అన్నీ మిల్లీమీటర్లలో, డిగ్రీల్లో అది చెప్తూ ఉంటుంది. పైన ప్రతి గన్నూ తను కొట్టిన ప్రతి లావాదేవీనీ కంప్యూటరుకి పంపిస్తుంది. ఏ షిఫ్టులో, ఏ గన్ను మీద, ఏ నంబరు మనిషి, ఎన్ని లీటర్లు. ఆ మనిషి నంబరు ఎందుకంటే, షిఫ్టు చివర్లో డబ్బు తగ్గితే ఎవరి జీతంలో కోయాలో తెలియడానికి. దాన్ని 'షార్టేజీ' అంటారు. మామకి నెలకి రెండు మూడు వందలు అలా పోయేవి. చిల్లర లెక్కల్లో తప్పులు, హడావుడిలో ఎవరో డబ్బులివ్వకుండా వెళ్ళిపోవడం, ఏదైనా సరే ఆయన ఖాతాలోదే.

పొద్దున ఉన్న సరుకు, ట్యాంకరు దింపిన సరుకు, అమ్మిన సరుకు, రాత్రి మిగిలిన సరుకు. ఈ లెక్క కుదరకపోతే సాఫ్ట్‌వేరు డీలరుకి అలర్టు పంపుతుంది. ఒక ఏప్రిల్‌లో ఈ అలర్టులు కుప్పలుగా రావడం మొదలయ్యాయి. దొంగతనమని డీలర్లు, మీ కడ్డీ చెడిందని ఇంకొందరు, అందరూ మా మీద పడ్డారు. ఆ ఫిర్యాదు నా టేబుల్ మీదకొచ్చింది. రెండు రోజులు లాగులు తిరగేస్తే, పోయే సరుకు చిన్నదే కానీ రోజూ పోతోంది, ఎండ పెరిగినకొద్దీ పెరుగుతోంది. మా సీనియర్ చూసి నవ్వాడు. "ఎవాపరేషన్ లాసు బాబూ. పెట్రోలు కదా, ఎగిరిపోతుంది. కొంత వదిలేసేటట్టు లిమిట్ పెంచెయ్." పెంచేశాను. ఒక నాలుగు లైన్ల కోడ్. అలర్టులు ఆగిపోయాయి. మెచ్చుకుంటూ ఒక మెయిలు కూడా వచ్చింది. ఎగిరిపోయింది ఎక్కడికి పోతుంది అన్న ప్రశ్న ఆ గదిలో ఎవరికీ రాలేదు. రోజూ సాయంత్రం ఎర్ర బకెట్టు చూసిన నాకూ రాలేదు.

ఎగిరేది చాలావరకు రెండు చోట్ల. ట్యాంకరు కింద ట్యాంకులోకి పెట్రోలు దింపుతున్నప్పుడు ఒకటి. మన బండి ట్యాంకులోకి కొడుతున్నప్పుడు ఇంకొకటి. మన బండి ట్యాంకు ఖాళీగా ఉందంటాం కానీ అందులో గాలీ పెట్రోలు ఆవిరీ కలిసి నిండి ఉంటాయి. ఒక లీటరు పెట్రోలు లోపలికి వెళ్తే ఒక లీటరు ఆవిరిగాలి బయటికి రావాల్సిందే. బిందెలో నీళ్ళు పడుతుంటే గాలి బయటికి తన్నుకొచ్చినట్టే. అది వచ్చే దారి, గన్ను పట్టుకున్నవాడి మొహం ఉండే దారి ఒకటే. అమెరికా పర్యావరణ సంస్థ వాడే లెక్క ప్రకారం, అడ్డుకునే ఏర్పాటేదీ లేకపోతే లీటరుకి సుమారు 1.32 గ్రాముల ఆవిరి ఇలా బయటపడుతుంది. కింద ఒలికేది ఇంకో 0.08 గ్రాములు. చూడటానికి చిన్న అంకెలు. రోజుకి 5,000 లీటర్ల పెట్రోలు అమ్మే బంకులో అది 7 కిలోలు. మన మే నెల ఎండలో ఇంకా ఎక్కువే ఉంటుంది తప్ప తగ్గదు.

కారు ఫర్వాలేదు. గన్ను ట్యాంకు మెడలోకి దూరి కూర్చుంటుంది, నిండగానే టక్కుమని ఆగిపోతుంది, కొట్టేవాడు కాస్త దూరంగా నిలబడొచ్చు. మన రోడ్లు బైకులవి, స్కూటీలవి. వాటి ట్యాంకు మూతి వెడల్పు, లోతు తక్కువ, గన్ను అందులో సరిగ్గా కూర్చోదు. చేత్తో పట్టుకుని, ట్యాంకు మీదకి వంగి, లోపలికి చూస్తూ కొట్టాలి. పొంగితే తిట్లు పడతాయి కాబట్టి ఇంకా వంగి చూడాలి. ఫుల్ ట్యాంకు అన్నప్పుడు ఇంకా ఘోరం. గన్ను ఆగిపోయినా మనం ఊరుకోం. 487 రూపాయల దగ్గర ఆగితే "500 చేసెయ్ తమ్మీ" అంటాం. వాడు గన్ను కొంచెం పైకెత్తి, మూతిలోంచి పొంగుతున్న నురగని చూస్తూ, బొట్టు బొట్టుగా నొక్కుతాడు. చివర్లో నాలుగు బొట్లు ట్యాంకు మీద పడితే జేబులోంచి గుడ్డ తీసి తుడిచి, ఆ గుడ్డ మళ్ళీ జేబులో పెట్టుకుంటాడు. ఆ జేబు గుండె మీద ఉంటుంది, ముక్కుకి జానెడు దూరంలో. చిల్లర సమస్య కోసం మొదలైన అలవాటు ఇది. ఇప్పుడందరూ యూపీఐతో కడుతున్నారు, 487 రూపాయల 36 పైసలు పంపడానికి ఏ ఇబ్బందీ లేదు. అయినా రౌండ్ ఫిగర్ కావాలి మనకి.

బంకులో భద్రత లేదని ఎవరూ అనలేరు. ఇసుక బకెట్లుంటాయి, మంటలార్పే సిలిండర్లుంటాయి, పొగ తాగొద్దని, సెల్‌ఫోన్ మాట్లాడొద్దని, ఇంజిన్ ఆపమని బోర్డులుంటాయి. ట్యాంకరు రాగానే ముందు ఎర్తింగ్ వైరు తగిలిస్తారు. 1934 నాటి పెట్రోలియం చట్టం, 2002 నాటి నియమాలు, నాగపూర్‌లో ప్రధాన కార్యాలయం ఉన్న పేలుడు పదార్థాల భద్రతా సంస్థ లైసెన్సు, ఇవన్నీ దాటితే గానీ బంకు తెరవడానికి వీల్లేదు. ఈ జాగ్రత్తలన్నిటికీ మూలం మంట. గాలిలో పెట్రోలు ఆవిరి 1.4 శాతానికి చేరితే నిప్పంటుకుంటుంది. అంటే పది లక్షల పాళ్ళలో 14,000 పాళ్ళు. అమెరికాలో ఎనిమిది గంటల పనిదినానికి బెంజీన్‌కి పెట్టిన హద్దు పది లక్షల పాళ్ళలో 1 పాలు. ఒకటి మొత్తం పెట్రోలు ఆవిరి గురించి, రెండోది అందులో ఒక్క పదార్థం గురించి కాబట్టి వీటిని నేరుగా పోల్చకూడదు, తెలుసు. కానీ మంట కోసం కాపలా కాసే కంటికి, ఊపిరి కోసం కాపలా కాసే కంటికి చూపులో ఎంత తేడా ఉందో దీన్నిబట్టి తెలుస్తుంది. మన బంకుల్లో మొదటి కన్ను ఉంది. రెండోది నాకెక్కడా కనపడలేదు.

ఆ 1 అన్న అంకె కూడా ఊరికే రాలేదు. అమెరికా కార్మిక భద్రతా సంస్థ 1978లో హద్దుని 10 నుంచి 1కి తగ్గిస్తే, చమురు కంపెనీల సంఘం కోర్టుకెళ్ళింది. ప్రమాదం గణనీయంగా ఉందని ముందు చూపించాలంటూ 1980లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. లెక్కలన్నీ కట్టి మళ్ళీ 1 తెచ్చుకునేసరికి 1987 అయింది. తొమ్మిదేళ్ళు. మన దేశంలో 2009 నుంచి నగరాల గాలికి ఒక హద్దుంది. ఏడాది సగటున ఘనమీటరుకి 5 మైక్రోగ్రాముల బెంజీన్ మించకూడదు. అమెరికా కార్మికుడికి పెట్టిన హద్దుని ఇదే కొలతలోకి మారిస్తే దీనికి 600 రెట్లు పైనే ఉంటుంది. అదే మనిషి, అవే ఊపిరితిత్తులు, గేటు బయట ఒక హద్దు, లోపల ఇంకోటి.

బెంజీన్ చేసే పని కొత్తగా తెలిసింది కాదు. 1897లోనే స్వీడన్‌లో సాంటెసన్ అనే డాక్టరు సైకిల్ టైర్ల ఫ్యాక్టరీలో పనిచేసే ఆడవాళ్ళ మరణాల గురించి రాశాడు. బెంజీన్ శరీరంలోకి వెళ్ళాక కాలేయం దాన్ని వదిలించుకునే ప్రయత్నంలో వేరే పదార్థాలుగా మారుస్తుంది. అసలు చిక్కు వాటితోనే. అవి ఎముకల లోపలి మూలుగకి చేరి, రక్తకణాలు పుట్టేచోటే దెబ్బ కొడతాయి. మొదట కణాల సంఖ్య తగ్గుతుంది. కొందరిలో, చాలా ఏళ్ళకి, లుకేమియా వస్తుంది.

ఈ విషయంలో నాకు బాగా నచ్చిన మనిషి ముజఫర్ అక్సొయ్. ఇస్తాంబుల్‌లో రక్త వ్యాధుల డాక్టరు. తన దగ్గరికొచ్చే లుకేమియా రోగుల్లో చెప్పులు కుట్టేవాళ్ళు ఎక్కువగా ఉండటం గమనించాడు. అక్కడి చిన్న చిన్న గదుల్లో, తలుపులు మూసుకుని, బెంజీన్ కలిసిన చవక జిగురుతో పనిచేసేవాళ్ళు వాళ్ళు. 1974లో అలాంటి 26 మంది గురించి రాశాడు. ఆ జిగురు వాడకం ఆగాక కేసులు తగ్గడం కూడా చూశాడు. గొప్ప పరికరమేమీ అక్కర్లేకపోయింది ఆయనకి. నువ్వేం పని చేస్తావు అని అడిగాడు. రోగిని ఈ ప్రశ్న కూడా అడగాలని ఇటలీ డాక్టరు రమజ్జీని 1700లోనే పుస్తకంలో రాశాడు.

పెట్రోల్ బంకుని ఇస్తాంబుల్ గదితో సమానం చెయ్యడం తప్పు. బంకు ఆరుబయట ఉంటుంది, పెట్రోలులో బెంజీన్ పాలు తక్కువ. బీఎస్-6 ప్రమాణం ప్రకారం ఇప్పుడది 1 శాతం మించకూడదు. మామ చేరిన కాలంలో చాలాచోట్ల 5 శాతం దాకా ఉండొచ్చు. నార్డిక్ దేశాల్లో 19,000 మంది దాకా సర్వీస్ స్టేషన్ కార్మికుల్ని గమనించిన అధ్యయనం ఒకటి 1997లో వచ్చింది, అందులో లుకేమియా స్పష్టంగా పెరిగినట్టు కనపడలేదు. అందుకే చాలాకాలం ఈ విషయం తేలని లెక్కలాగే ఉంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 1989లో పెట్రోలుని 'బహుశా' అనే వర్గంలో పెట్టింది. 2025లో తీసి మొదటి వర్గంలో వేసింది, అంటే మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని నిర్ధారించింది. పెద్దవాళ్ళలో వచ్చే ఒక రకం లుకేమియా, మూత్రాశయ క్యాన్సర్, ఈ రెంటికీ. బెంజీన్ ఒక్కటే కాదు, పెట్రోలే. ఇది పేపర్లో ఏ పేజీలో వచ్చిందో నాకు గుర్తులేదు. అప్పటికి మామ పని మానేసి ఐదేళ్ళు.

మానేసింది కరోనా ఏడాది. ఆ చివరి నెలల్లో మొదటిసారి మొహానికి మాస్కు వచ్చింది. "ఇప్పుడు మంచిగుంది అల్లుడా, పెట్రోలు గూడ లోపటికి పోదు" అన్నాడు ఫోన్లో. పోతుంది. ఆ మాస్కులు తుంపరల్ని, ధూళిని ఆపుతాయి తప్ప ఆవిరిని ఆపవు. దానికి బొగ్గు పొర ఉన్నవి కావాలి. నేనప్పుడు ఆ మాట చెప్పలేదు.

నియమాలు రాయడం ఎవరికీ చేతకాదనుకోవద్దు. బ్రెజిల్‌లో కూడా మనలాగే పెట్రోలు కొట్టడానికి మనిషి ఉంటాడు. ఎవరికి వాళ్ళు కొట్టుకోవడాన్ని అక్కడ 2000లో చట్టం చేసి నిషేధించారు, ఉద్యోగాలు పోకుండా. ఆ మనుషుల కోసమే 2016లో బెంజీన్ మీద ప్రత్యేకంగా నియమాలు తెచ్చారు. చదువుతుంటే రామంతాపూర్ ఇల్లే కనపడింది నాకు. గన్ను ఆగిపోయాక ఇంకా కొట్టకూడదు. ఒలికింది తుడవడానికి గుడ్డ వాడకూడదు. పెట్రోలులో క్యాన్సర్ కలిగించే బెంజీన్ ఉందని బోర్డు పెట్టాలి. ఆరు నెలలకోసారి కార్మికులకి రక్తపరీక్ష చేయించాలి. యూనిఫాంలు కనీసం వారానికోసారి యజమానే ఉతికించాలి. చివరిది చదివి అత్తకి ఫోన్ చేశాను. "మరి గా దేశంల ఆడోళ్ళు నసీబ్ ఉన్నోళ్ళు" అంది. అన్ని బంకుల్లోనూ తు.చ. తప్పకుండా అమలవుతున్నాయో లేదో వేరే సంగతి, కాగితం మీదైనా ఎవరో ఆ చొక్కా గురించి ఆలోచించారు.

మన దగ్గర 2020 జనవరిలో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి కొత్త బంకులకి మార్గదర్శకాలిచ్చింది. బళ్ళకీ, పది పడకలు, ఆపైన ఉన్న ఆసుపత్రులకీ, ఇళ్ళకీ 50 మీటర్ల దూరం ఉండాలంది. స్థలం లేదంటే ఎంత తగ్గినా 30 మీటర్లు. అమ్మకాన్నిబట్టి, ఊరి జనాభానిబట్టి ఆవిరిని వెనక్కి లాగే ఏర్పాటు పెట్టాలంది. మంచి పనే. పక్కింటివాళ్ళ గురించి ఆలోచించినందుకు సంతోషమే. గన్ను పట్టుకున్నవాడు ఎన్ని మీటర్ల దూరంలో ఉంటాడు?

గత ఏడాది దసరాకి మామ మా ఇంటికొచ్చినప్పుడు నీరసంగా ఉన్నాడని ల్యాబుకి తీసుకెళ్ళాను. తెల్లకణాలు 3,100. ప్లేట్‌లెట్లు లక్షా పదివేలు. పదిహేను రోజులాగి మళ్ళీ చేయిస్తే దాదాపు అంతే. ఒక పెద్దాసుపత్రిలో రక్త వ్యాధుల డాక్టరు దగ్గరికెళ్ళాం. ఆయన అన్నీ అడిగాడు. తాగుడు, వాడే మాత్రలు, ఈ మధ్య వచ్చిన జ్వరాలు, బరువు తగ్గడం. పని గురించి అడగలేదు. నేనే చెప్పాను. ఆయన రాస్తున్నది ఆపి, మామ వైపు మొదటిసారి పూర్తిగా తిరిగి, "ఎన్నేళ్ళు?" అన్నాడు. మూలుగ పరీక్ష చేశారు. క్యాన్సర్ కాదు, ప్రస్తుతానికి. కణాలు మాత్రం తక్కువ పుడుతున్నాయి. మూడు నెలలకోసారి వచ్చి చూపించుకోమన్నాడు. పెట్రోలు వల్లేనా అని అడిగాను. ఒక్క మనిషిలో అలా తేల్చి చెప్పడం కుదరదు, కాకపోవచ్చు కూడా, కానీ ఇది ఫైల్లో ఉండాలి అన్నాడు. నేను ఇంతకంటే ఎక్కువ చెప్పగలనని అనుకోవడం లేదు.

ఇంకో మాట కూడా అన్నాడు. కార్మికుల పరిహారానికి సంబంధించిన చట్టం షెడ్యూల్లో బెంజీన్ వల్ల వచ్చే జబ్బులు ఉన్నాయి, ముందుముందు అవసరం పడొచ్చు, అక్కడ పనిచేసినట్టు రాతలో ఏదైనా సంపాదించి పెట్టుకోండి అని. బంకుకెళ్ళాను. యజమాని మారాడు. పాత రిజిస్టర్లు లేవు. మామకి నియామక పత్రం ఎప్పుడూ ఇవ్వలేదు. పీఎఫ్ కొన్నేళ్ళు కట్టారు, కొన్నేళ్ళు కట్టలేదు. కొత్తాయన మర్యాదగానే మాట్లాడాడు, చాయ్ కూడా తెప్పించాడు, కానీ ఇవ్వడానికి ఆయన దగ్గరేముంది? గోడ మీద మా పాత సాఫ్ట్‌వేరు కొత్త వెర్షన్ నడుస్తోంది. షిఫ్టు, గన్ను, మనిషి నంబరు, లీటర్లు. మామ నంబరుతో ఒక్క క్వెరీ నడిపితే కనీసం చివరి కొన్నేళ్ళలో ఆయన ఎన్ని లీటర్లు కొట్టాడో బొట్టుతో సహా వచ్చేది. పాత డేటా కొత్త సర్వర్‌కి ఎక్కించలేదట. షార్టేజీ ఆ నెలకానెల కోసుకున్నాక ఇంక దాంతో పని లేదు కదా.

ఇంటికొచ్చి మామనే అడిగాను. వేళ్ళ మీద లెక్కపెట్టాడు. పండగలూ జ్వరాలూ తీసేస్తే ఏడాదికి 300 రోజులు. షిఫ్టుకి వెయ్యి లీటర్లు ఎటూ పోవు. 22 ఏళ్ళకి 66 లక్షల లీటర్లు. లీటరుకి 1.32 గ్రాముల చొప్పున 8.7 టన్నుల ఆవిరి. అందులో ఆయన ముక్కులోకి పోయింది ఎంతో ఎవరూ చెప్పలేరు, గాలి ఎటు వీచిందన్నదాన్నిబట్టి ఉంటుంది. ఆయన మొహం ముందునుంచి పోయింది మాత్రం అంత. చెప్తే నమ్మలేదు.

"66 లక్షల లీటర్లా? నేనా?" కాసేపు ఊరుకుని నవ్వాడు. "గంత కొట్టిన గని, డ్యూటీకి ఎన్నడన్న సొంత బండిల పోయిన్నా? సైకిలే."

ఒక తెల్లకాగితం మీద పేరు, వయసు, చేరిన సంవత్సరం, మానేసిన సంవత్సరం, రోజుకి వెయ్యి లీటర్లు అని రాసి, కింద ఆయనతో సంతకం పెట్టించాను. పాత యూనిఫాంలో దిగిన ఫోటో ఒకటి అత్త బీరువాలోంచి తీసిచ్చింది. జేబులోంచి గుడ్డ అంచు బయటికి కనపడుతోంది అందులో. రెండూ ఫైల్లో పెట్టాను. తర్వాతి టెస్టు వచ్చే నెల రెండోవారంలో.